బీర్ల చక్కెర ఉంటదా అని తమ్ముడడిగిండు

"తాతా, నువ్వు బీర్ల కంపెనీల పనిచేసినవు గదా. దాంట్ల చక్కెర ఏస్తరా?"

ఏస్తరు బిడ్డా. అన్నిట్ల గాదు. కొన్ని ఉత్త బార్లీతోని చేస్తరు, కొన్నిట్ల నూకలు కలుపుతరు. స్ట్రాంగ్ దాంట్ల మాత్రం చక్కెర గుమ్మరిస్తుంటిమి. ఆ బస్తాలు మోసింది నేనే. ఆ ఉడికే తొట్టి ఎంత పెద్దగుంటదంటే... సరే, అదిడువు. జర గీ బెంచి మీద కూసుందాం.

గదే మాట మా తమ్ముడు యాదగిరి అడిగిండు. నువ్వు సూడలే వాన్ని, నువ్వు పుట్టకముందే పోయిండు. నువ్వు సదివే గీ యూనివర్సిటీ క్యాంపస్‌లనే ల్యాబ్ అటెండరు. తార్నాకల రెండర్రల కిరాయి ఇల్లు. నలభై దాటంగనే షుగర్ బీమారి వచ్చింది. పాపం, మిఠాయి బంద్ వెట్టిండు, చాయ్‌ల చక్కెర బంద్ వెట్టిండు. ఇరానీ చాయంటే పాణమిడిచేటోడు, ఎర్కేనా. బీరొక్కటే ఇడువలేకపోయిండు.

"అన్నా, నువ్వు ఆణ్నే ఉంటవు గదా. బీర్ల చక్కెర ఉంటదా?" అన్నడు.

"ఏస్తరు గని, పులియవెట్టే ఈస్టు మొత్తం తినేస్తది. సీసాల ఏం మిగలది తీయ్" అన్న. మా కెమిస్టు సారు చెప్తుంటే సగం ఇన్న. ఆ సగమే పెద్ద సైంటిస్టు లెక్క చెప్పిన. ఏసిన చక్కెర చానమట్టుకు పోతది, అబద్ధం గాదు. గని బార్లీది కొంత మిగుల్తది. పైగా తాగినోనికి గోలీలు, తిండి అన్ని తప్పుతయ్. గది నాకప్పుడు తెల్వది. తెల్వదని చెప్పలే.

వాడు దాన్ని డాక్టరు చీటీ లెక్క పట్టుకున్నడు. రోజు పొద్దుమీకంగ రెండు సీసాలు. పెండ్లాం సుజాత కొట్లాడితే, "అన్న చెప్పిండు, ఆయనకు తెల్వదా" అనేటోడట.

చెప్పు కరిసి కాలికి పుండయింది. మానలే. మోకాలి కిందికి కాలు తీసేసిన్రు. దవాఖానల డాక్టరమ్మ అడిగింది, "బీరు తాగొచ్చని ఎవరు చెప్పిన్రు నీకు?" అని. నేను మంచం పక్కనే నిలవడ్డ. వాడు నా దిక్కు సూసిండు. సూసి, "ఎవరు చెప్పలే మేడం. నేనే అనుకున్న" అన్నడు.

నేను నోరు తెరువలే బిడ్డా. నేనే చెప్పిన అంటే కాలేం తిరిగి రాదు. అయినా అనాల్సింది. ఆర్నెల్లకు వాడు పోయిండు. సుజాతకు అంతా ఎర్కనే, గని ఒక్కనాడు అడగలే. వాళ్లింటికి ఎప్పుడు వోయినా, "బావా, తిన్నవా" అనే అంటది. గదే నాకు...

నువ్వు సదువుకుంటున్నవ్. రేపు నిన్ను గూడ నలుగురు అడుగుతరు. తెల్వంది తెల్వదని చెప్పే ధైర్యం నీకుండాలె. సల్లగుండు బిడ్డా. పా, ఎండ వడుతున్నది.