హఫీజా చెప్పిన రాజీ

ప్రొద్దుటూరులో హఫీజా కూతురిల్లు, పొద్దున పదకొండు. చాప మీద ఇద్దరు ఆడవాళ్ళు. వాకిట్లో, ఎంత పిలిచినా లోపలికి రాని ఒక మగమనిషి.

"అది రాయొద్దు బేటీ. ఆ ముక్క కొట్టేయి."

"ఏ ముక్క పెద్దమ్మా?"

"అదే. గని ఆసామి మా వాణ్ణి అన్న మాట."

"దొంగ అని నేను రాయల్యా. ఆసామి కోర్టులో అట్ల చెప్పినాడు అని రాసినా."

"ఎట్ల రాసినా ఆ మాట వాని పేరు పక్కనే గదా ఉండేది. నా కొడుకు మాబాషా, నాపరాళ్ళ గనిలో కూలి చేస్తాండె, గుంతలో పడి సచ్చిపోయె. అంతవరకే రాయి."

"నేను చదివే చదువే దీని గురించి పెద్దమ్మా. మానవహక్కులు, చట్టం. తిరపతిలో పీజీ చేస్తాండా. నీ కేసు మింద పెద్ద వ్యాసం రాసి కాలేజీలో ఇయ్యల్ల. వాళ్ళన్న మాట రాస్తేనే గదా నీకు జరిగిన అన్యాయం తెలిసేది."

"చదువుకున్నోళ్ళు, మీకు తెలుస్తాదిలే. టీ పెడతా ఉండు. ఆ ఎండలో నిలబడింది ఎవురు?"

"మా నాయన. జ్ఞానప్రకాశం. పులివెందుల నుంచి బండి మింద తెచ్చి దించినాడు. నీ కేసు చెప్పింది గూడా ఆయనే. కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరైనాడు."

"అయ్యో, లోపలికి పిలువమ్మా."

"నాయనా! నీళ్ళన్నా తాగుదువు రా!"

"నాకేం వద్దు. మీరు కానీండి."

"చూస్తివా? పొద్దున్నుంచి ఇదే వరస. టీ వద్దులే పెద్దమ్మా, కూర్చో. ఫోన్లో రికార్డు పెడతాండా, సరేనా? అసలు సంగతికొస్తా. కేసులన్నీ ఒక్క పొద్దులో తేల్చేస్తారే, ఆ లోక్ అదాలత్‌కు నిన్ను పిలిచినారు గదా. ఆ పొద్దు ఎందుకు రాజీ అయితివి?"

"ఎందుకంటే ఏంది బేటీ? కన్నతల్లిని. నేను గాకుంటే ఇంగెవురు రాజీ అయితారు?"

"ఎవురన్నా బెదిరించిరా?"

"నన్నెవురు బెదిరిస్తారు? జడ్జిసారు రాజీనా అని అడిగె. రాజీ అంటి."

"ఒక్క మాటకేనా?"

"దానికి రెండో మాట ఎందుకు?"

"కొంచెం గూడా ఆలోచించల్యా?"

"ఆలోచించేదానికేముండాది? ఆ పొద్దు కోసమే గదా రెండేండ్లు చెప్పులరిగేట్లు తిరిగింది. వకీలు గూడా చెప్పిపెట్టినాడు, జడ్జి అడిగితే రాజీ అను, ఇంగేం మాట్లాడాకు అని."

"వకీలు చెప్తే? కోపం చేసుకోవద్దు గానీ పెద్దమ్మా, నీ కొడుకును దొంగ అన్నోళ్ళతో రాజీ అంటే నీకెట్ల మనసొప్పింది?"

"వాళ్ళతో ఏంది? వాళ్ళ మొగం గూడా నేను చూడల్యా. జడ్జి ముందర అంటి."

"సరే, సరే. చెక్కు ఇచ్చినారు గదా?"

"అది సర్కారోళ్ళు మట్టి ఖర్చుకు ఇచ్చింది గదా? నా కూతురు ఫాయిజా చేతికిచ్చేస్తి, నేను ముట్టుకోల్యా. బేటీ, నన్నొక మాట అడగనీ. నీవు చట్టం చదువుతాండావు గదా. ఇంగెన్నాళ్ళు పడతాది?"

"ఏది?"

"వాయిదా."

"వాయిదా ఏంది?"

"నా వాయిదా. ఆ పొద్దు నుంచి ఆరేండ్లు అయిపాయె. జమ్మలమడుగులో ఇల్లు ఖాళీ చేసి ఈడికొచ్చేటప్పుడు పక్కింటి లక్ష్మీదేవమ్మకు చెప్పి మరీ వచ్చినా, కోర్టు కాగితం వస్తే ఎంటనే ఫోన్ చేయి తల్లీ అని. శుక్రవారం శుక్రవారం అడగతానే ఉంటా. రాల్యా హఫీజా, రాల్యా అంటాది పాపం."

"ఉండు, ఉండు. కాగితం ఎందుకొస్తాది?"

"నేను ఖురాను మింద చెయ్యి పెట్టి చెప్పల్ల గదా! మావాడు పనికి పోయినాడు, ఆసామి అన్నట్ల మోటారు వైర్లు కోసి ఎత్తుకపోయేదానికి గాదు అని. ఆ పొద్దు వానికి క్యారియర్ కట్టిచ్చింది నేను. చింతాకు పప్పు, అన్నం. మజ్జిగ వద్దమ్మా, కారిపోతాది అనె. దొంగతనానికి పోయేటోడు క్యారియర్ కట్టించుకోని పోతాడా? అది జడ్జికి చెప్పల్ల. దానికే గదా నేను రాజీ అనింది."

"పెద్దమ్మా, రాజీ అంటే ఏంది?"

"అంత చదివి నన్నడగతావేందమ్మా?"

"నీ మాటలో చెప్పు. ఉర్దూలో రాజీ అంటే?"

"రాజీ అంటే రాజీనే. తయారుగా ఉండాను అని. మనసారా ఒప్పుకున్నా అని. ఫాయిజా నిఖాలో పిల్లనడిగింది గూడా అదే గదా, రాజీనా బేటీ అని. పిల్ల రాజీ అంటేనే పెండ్లి."

"ఆ పొద్దు ఉత్త రాజీ అనే అన్నావా? ఇంగేమన్నా అన్నావా?"

"భయానికి నాకు తెలుగు రాల్యా. మా మాటలోనే అంటి. గవాహీ దేనేకు మై రాజీ హూఁ. సాక్ష్యం చెప్పేదానికి నేను సిద్ధం అని. జడ్జిసారు తల ఊపె. వేలికి సిరా పూసి ముద్ర ఏయించుకునిరి. ఏమ్మా, తప్పు చెప్పినానా? ఏందట్ల చూస్తాండావు?"

"తెలుగులో రాజీ అంటే..."

"చెప్పు."

"తగువు తీరిపోయింది, ఇంగ నాకు ఏ కేసూ వద్దు అని."

"ఎవురన్నారు వద్దని?"

"నీవే అన్నట్ల రాసుకున్నారు పెద్దమ్మా. కోర్టు నుంచి నేను తెచ్చిన ఈ కాగితంలో అదే ఉండాది. ఇదో, కింద నీ వేలిముద్ర."

"నేనట్ల అంటానా? యా అల్లా! అయితే తప్పు రాసుకున్నారు. వాయిదాకు పిలిచినప్పుడు నేనే చెప్తాలే. దిద్దుకుంటారు."

"వాయిదా లేదు. ఆ పొద్దే కేసు మూసేసినారు."

"మూసేస్తే? మరి మావాని మింద మాట?"

"అట్లనే ఉండాది."

"దొంగ అనే?"

"దాన్ని ఎవురూ కొట్టేయల్యా పెద్దమ్మా."

"అంటే... నా బిడ్డ దొంగ అనేదానికి నేనే రాజీ అన్నట్లయిందా? కన్నదాన్ని, నేనే?"

"ఏడవాకు. నీ తప్పేం లేదు, ఏడవాకు. నాయనా! లోపలికి రా ముందు."

"ఎండెక్కతాంది. పోదాం పద వనజా."

"ఎండ సంగతి తర్వాత. గడప దాటి రా. ఈమె చెప్పింది విన్నావా?"

"విన్నా."

"రెండేండ్లు చదివితి నేను, సమ్మతి అంటే ఏమి, ఒప్పందం అంటే ఏమి అని. రాజీ పడేటోళ్ళంతా దుడ్లకో భయానికో పడతారని సగం వ్యాసం ముందే రాసిపెట్టుకోని వచ్చినా. సిగ్గయితాంది నాకు. ఆ పొద్దు హాల్లో నీవుండావు గదా?"

"ఉండా. అరవై ఫైళ్ళు ఆ పొద్దు. మధ్యాన్నం లోపల తేల్చేయల్ల అనిరి."

"నేను ఫైళ్ళు అడగల్యా."

"పెద్దపెద్ద వకీళ్ళే గమ్మునుండారు ఆడ. బంట్రోతు నోరు తెరిస్తే బాగుంటాదా?"

"నిన్ను నోరు తెరవమని ఎవురన్నారు? ఎందుకట్ల ఉలిక్కిపడతావు?"

"మీరు కొట్లాడుకోవద్దు బేటీ. నాకొక్కటి చెప్పు. పై కోర్టుకు పోతే?"

"రాజీకి అప్పీలు లేదు పెద్దమ్మా. హైకోర్టులో రిట్టు ఒక్కటే దారి. అది గూడా శానా కష్టం. ఆ పొద్దు నీవు ఒప్పుకోల్యా అని రుజువు కావల్ల."

"నేను చెప్తా గదా."

"నీవొక్కదానివి చెప్తే చాలదు. ఆ హాల్లో ఉండి, నీ మాట చెవులారా విని, అర్థమైనోళ్ళు ఒక్కరన్నా వచ్చి చెప్పల్ల. ఉర్దూ తెలిసినోడు ఆడ ఒక్కడన్నా ఉన్నింటే ఆ పొద్దే ఆపేటోడు గదా. ఇప్పుడు యాడ తెస్తాం అట్లాంటోణ్ణి?"

"వనజా."

"ఉండు నాయనా."

"నీకు ఈ కేసు నేను ఊరికే చెప్పల్యా."

"ఏమంటాండావు?"

"ఈమె వేలికి సిరా పూసింది నేనే. నన్ను మన్నించు ఆపా... ముఝే మాఫ్ కరో. గవాహీ దేనేకు మై రాజీ హూఁ."

"అన్నా, నీకు మా మాట వచ్చునా? ...ఆ పొద్దు గూడా వచ్చునా?"