గేటు లోపలి అమ్మ

బడి గేటు దగ్గర గోధుమ రొట్టెల్లో చిక్కుడు ముద్ద పెట్టి బలెయాదాలు చుడుతున్నానా, ఆ బడి టీచరమ్మా ఆమె కూతురూ నా బండి పక్కనే ఆగిపోయారు.

"గంట కొట్టేశారు, పదవే తల్లీ!"

"నేను రాను. నిన్న మోకాలు చీరుకుపోయి 'అమ్మా, నొప్పి' అని మన స్పానిష్‌లో ఏడిస్తే, అర్థంకానట్టు నిలబడ్డావు."

"ఇది ఇంగ్లీషు బడి, లోపల మా టీచర్లెవరికీ స్పానిష్ రానట్టే ఉండాలి కదే. పెద్ద మేడమ్ చూస్తోంది. నా ఉద్యోగం పోతే నీ చదువూ పోతుంది."

"నాకింకా ఇంగ్లీషులో ఏడవడం రాదు."

"...సరే. నొప్పేస్తే ఏమీ అనకు. నా గౌను అంచు లాగు. వచ్చేస్తా."

"ఇదిగో, లాగుతున్నా."

"ఇంకా బయటే ఉన్నాంగా, నోటితో చెప్పు."

"నొప్పేం లేదు. లోపలికెళ్ళాక కూడా నేను నీకు గుర్తుంటానా లేదా అని చూస్తున్నా."

పిల్ల అమ్మ గౌను అంచు వదల్లేదు, అలాగే ఇద్దరూ గేటు దాటారు.