మసి మీసం పెళ్ళికూతురు

లుబ్నా చేతులకి గోరింటాకు పండింది గానీ పెళ్ళికొడుకే లేడంట. ఎక్కడంటారా, సముద్రాల అవతల స్పెయిన్ అని ఒక దేశం, అక్కడ. అప్పట్లో ఏటికి ఈ పక్క సాయిబుల రాజ్యం, ఆ పక్క కిరస్తానీల రాజ్యం. అక్కడి సాయిబుల్ని మూర్లు అనేవాళ్ళంట. లుబ్నా మూర్ల పిల్ల. పెళ్ళికొడుకు యాహ్యా, వరసకి బావే. పెళ్ళి విందుకని గొర్రెల్ని తోలుకొస్తా ఏటి ఒడ్డున కిరస్తానీ రౌతుల చేతికి చిక్కాడు. గొర్రెలూ పోయాయి, బావా పోయాడు. ఆ కోట దొర గొంజాలో. అక్కడ వాళ్ళ పండగ ఒకటుందంట, అది వెళ్ళిన మర్నాడు ఖైదీలందర్నీ ఓడరేవుకి తోలి అమ్మేస్తాడని కబురొచ్చింది. అమ్మేశారంటే ఇంక మనిషి ఏ దేశంలో తేలతాడో దేవుడికే తెలియాలి. పెద్దవాళ్ళేమో చూద్దాం, ఆలోచిద్దాం అంటన్నారంట. పెద్దవాళ్ళు ఆలోచించడం మొదలెడితే అది ఎప్పటికి తెమిలేది, నాకు తెలీదా, నేనూ పెద్దవాణ్ణేగా.

ఇప్పుడు ఆ పండగ సంగతి చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. కిరస్తానీల యోహాను పండగ అది, ఆ రోజు కోటలో ఒక ఆట ఆడేవాళ్ళంట. కిరస్తానీ కుర్రాళ్ళు సగంమంది మూర్ల వేషం కట్టేవాళ్ళు. తలపాగాలు, పొడుగు అంగీలు, మసిబొగ్గు మీసాలు. గుర్రాలెక్కి రెల్లుకర్రలు ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకుంటా, డాళ్ళు అడ్డం పెట్టుకుంటా ఒకటే గోల. ఏడాదంతా ఆ మూర్లని నరుకుదామా చంపుదామా అంటారు, పండగొస్తే మళ్ళీ వాళ్ళ బట్టలే కావాలి. మనిషి బుద్ధి అట్టాంటిది అనుకో. ఆట అయ్యాక దొర తల్లి, ఉర్రాకా అని పెద్దావిడ, ఎవరు అచ్చం మూర్ లాగా ఉన్నారో చెబుతుంది. ఆ మనిషి ఏది కోరితే దొర అది ఇచ్చి తీరాలి, తాతలనాటి ఆచారం.

లుబ్నా ఏం చేసిందంటే, అన్న బట్టలు తొడుక్కుంది, అన్న గుర్రమే ఎక్కింది, తిన్నగా ఆ కోట గుమ్మానికే పోయింది. కోట నిండా మూర్ల వేషాలున్న రోజున అసలు మూర్ ని ఎవడు పట్టుకుంటాడు అని దాని ధీమా. కావలివాడు ఆపాడు. వాడు కిందనించి పైదాకా చూసి, "ఏంట్రా అబ్బాయ్ ఈ వేషం? తలపాగా ఎవడైనా అట్టా చుడతాడా? మూర్ అంటే చూడగానే దడుచుకోవాలి" అన్నాడంట. అని మసిబొగ్గు తీసి వాడే మీసం గీసి, పోయి పెద్దావిడ చేత సరిచేయించుకో అని లోపలికి తోశాడు.

ఉర్రాకా తలపాగా సర్దబోతా ఆ పిల్ల చేతులు చూసింది. ఎర్రగా పండిన గోరింటాకు. ఆ దేశంలో అది మూర్ల ఆడపిల్లలే పెట్టుకునేది. ఇంక అర్థం కాకుండా ఉంటదా. మొగుణ్ణి ఆ ఏటి ఒడ్డు కొట్లాటల్లోనే పోగొట్టుకున్న మనిషి ఆవిడ. అరిచి కావలివాళ్ళని పిలుస్తదని లుబ్నా కళ్ళు గట్టిగా మూసుకుంది. పిలవలా. ఎవరికోసం వచ్చావని మెల్లిగా అడిగింది. యాహ్యా కోసమని చెప్పింది పిల్ల. పెద్దావిడ పెట్టెలోంచి తోలు చేతొడుగులు తీసి గోరింటాకు మీద తొడిగి, జుట్టు జారకుండా తలపాగా బిగించి, "పడిపోకుండా ఆడు, మిగతాది నేను చూస్తా" అందంట.

మైదానంలో రెల్లుకర్రలు అందించేది యాహ్యానే. పారిపోనని దొరకి మాటిచ్చాడు, అందుకే సంకెళ్ళు తీసేశారు. లుబ్నా గుర్రాన్ని పక్కకి తెచ్చి, బావా, వెనకెక్కు, పోదాం అంది. వాడు మీసం చూసి ముందు గుర్తుపట్టలా, గుర్తుపట్టాక చేతిలో కర్రలన్నీ కింద పడేశాడు. అయినా ఎక్కనన్నాడంట, మాటిచ్చానన్నాడు. పిల్లకి ఒళ్ళు మండిపోయింది.

"మరి నాకిచ్చిన మాటో? అది గొర్రెలతోపాటు పోయిందా?"

వాడు కిందపడ్డ కర్రలు ఏరుకున్నాడే గానీ ఎక్కలా. ఆ కోపం మీద ఆడిందయ్యా ఆట, కర్ర విసిరిందంటే ఎవడి డాలైనా డమ్మని మోగాల్సిందే.

ఆట అయిపోయింది. బహుమానం దొర బావమరిదికే అని అందరూ అనుకుంటన్నారు, బొడ్డుదాకా గడ్డం అతికించుకున్నాడు కదా. ఉర్రాకా లేచి, ఇదిగో, ఈ అబ్బాయే అచ్చం మూర్ అంది. జనం ఒప్పుకోరే. వీడెక్కడి మూర్, మూర్లు ఎట్టా ఉంటారో మాకు తెలీదా అని గోల. అమ్మకి చూపు ఆనడం లేదులే అని దొర కూడా నవ్వి, సరే ఏం కావాలో కోరుకోరా అన్నాడు. యాహ్యాని ఇప్పించమంది. గుర్రాల చాకిరీకేమో అనుకుని, ఇచ్చా తీసుకుపో అన్నాడు. అక్కడితో అయిపోయేది కదా, ఆ యాహ్యా ఊరుకోడే. ఎవరికిస్తున్నావో తెలుసుకుని ఇవ్వు దొరా, లేకపోతే నేను కదలను అన్నాడు. లుబ్నా వాణ్ణి కాల్చేసేట్టు చూసి, చేతొడుగులు లాగేసింది, తలపాగా విప్పేసింది. జుట్టు నడుందాకా పడింది. మీసం మాత్రం అట్టాగే ఉంది.

కత్తులు సగం బయటికొచ్చాయి. దొర మొహం కందగడ్డ అయింది. తల్లి వైపు తిరిగాడు.

"నేను తప్పు చెప్పానా నాయనా?" అందంట ఆవిడ.

దొర ఆ మీసం వంక చూశాడు, దాన్ని గీసింది నేనే దొరా అని నోరు జారిన కావలివాడి వంక చూశాడు. ముందు పెదాలు బిగించాడు, ఆగలేక పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మైదానమంతా పాకింది. ఇంక ఎవడు కత్తి దూస్తాడు. విందుకి కావాలిగా, గొర్రెల్ని కూడా తోలుకుపొమ్మన్నాడు, కొన్ని మేం తినేశాం ఏమనుకోవద్దు అన్నాడంట. ఏరు దాటేదాకా లుబ్నా బావతో పలకలా. దాటాక మొహం ముందుకు పెట్టి, మీసం తుడువు అంది.

అదీ సంగతి. మొన్న మన ఊరి నాటకంలో సాయిబు వేషం కట్టినవాడికి గళ్ళ లుంగీ, ఇంత గడ్డం పెడితే, అచ్చం సాయిబే అని మీరంతా చప్పట్లు కొట్టారు గదా. మీ మధ్యనే మస్తాన్ వలీ కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటన్నాడు, వాడికేసి ఒక్కళ్ళన్నా చూశారా? అదిగో, ఇప్పుడు నవ్వుతున్నాడు చూడండి.