చిల్లుల అట్ట

అమలాపురం, 1997. ఎంసెట్ కోచింగ్ సెంటరు ఆఫీసు గది. డైరెక్టరు తాతారావు గారు, ప్యూను కొండబాబు, రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చే ప్రసన్నకుమారి.

“వందకి ఇరవై మూడు! పాతిక దాటనివాళ్ళు ఆఖరి బ్యాచే. అంతే ప్రసన్నా, ఇంక మాట్లాడకు.”

“ఒక్కసారి మళ్ళీ దిద్దించండి సార్.”

“ఏమని? నీ జవాబుల పేపరు మీద చిల్లుల అట్ట పెట్టేం. చిల్లుల్లోంచి ఎన్ని నల్లచుక్కలు కనబడితే అన్ని మార్కులు. చిల్లులకి నీ మీద పగేంటి?”

“పగని కాదండీ...”

“మరి?”

“ఆఖరి బ్యాచంటే మా నాన్నగారు మానిపించేస్తారండి. డాక్టరూ వద్దు, ఏమీ వద్దు, టీచర్ ట్రైనింగుకి పొమ్మంటున్నారు.”

“మంచిదే. మీ నాన్న కృపారావు గారు లోకం చూసిన మనిషి. టీచర్లకి సెలవులు కూడా ఎక్కువ.”

“సార్!”

“నువ్వనే కాదు, ఈసారి బ్యాచ్ బ్యాచంతా మొద్దులే. ఒకడికి పంతొమ్మిది, ఒకడికి ముప్ఫై. మా అబ్బాయి తేజ ఒక్కడికే తొంభై తొమ్మిది. వాడే నా పరువు నిలబెట్టేడు.”

“మొదటి బిట్టు మొన్న మీరే బోర్డు మీద చేసేరు కదండీ. జవాబు మూడు.”

“మూడే. అయితే?”

“నేనూ మూడో సున్నాయే నింపేనండి. ఇందాక బల్ల మీద చూసేను, అట్టకి చిల్లు రెండు దగ్గరుంది.”

“ఉండదు. కొండబాబూ, ఆ అట్ట ఇలా తే. అగరొత్తి పెట్టి ఒక్కో చిల్లూ నా చేత్తో కాల్చేను. నా అట్టకే వంకలా? ఏదీ... మొదటి బిట్టు... రెండు. రెండేంటిది?”

“తిప్పి పెట్టండి సార్. కిందవైపు పైకి.”

“ఇలాగా? మూడు... రెండో బిట్టు కూడా... ఒరేయ్ కొండబాబూ! అట్ట తలకిందులుగా పెట్టి దిద్దేవురా?”

“ఆయ్, లేదండి. మీరు ‘పైన’ అని రాసిన వైపే పైకి పెట్టేనండి.”

“నేను రాసేనా?”

“ఆయ్. ఎర్ర ఇంకుతోనండి. మీ దస్తూరీయేనండి.”

“రాసేననుకో. నువ్వు చెప్పొద్దూ?”

“మీకు చెప్పేపాటి వాణ్ణాండీ?”

“సరే, సరే. ముందు ఈ అమ్మాయివి లెక్కపెట్టు.”

“ఎనభై తొమ్మిది... తొంభై... తొంభై ఒకటండి.”

“తొంభై ఒకటా! చూసేవా ప్రసన్నా? నువ్వు డాక్టరువవుతావని మొదట్నించీ అంటూనే ఉన్నాను.”

“ఇందాక సెలవులెక్కువన్నారండి.”

“అది వదిలెయ్. ఫస్టు బ్యాచ్‌లోకి పోయి కూర్చో. మీ నాన్నగారికి నేనే ఫోన్ చేసి చెప్తాను. కొండబాబూ, అన్నీ మళ్ళీ దిద్దాలి. మా తేజది ముందు తియ్యి.”

“బాబుగారిదెందుకులెండి. తొంభై తొమ్మిది మీద ఇంకేం పెరుగుతాయండి?”

“తియ్యరా!”

“...ఇరవై నాలుగండి.”

“ఇరవై నాలుగేంట్రా? అట్ట సరిగ్గా పెట్టు.”

“సరిగ్గా పెడితేనే ఇరవై నాలుగండి.”

“మరి తప్పుగా పెడితే తొంభై తొమ్మిది ఎలా వచ్చేయిరా?”

“ఆయ్... పరీక్ష ముందురోజంతా అట్ట మీ ఇంట్లోనే ఉంది కదండీ. బాబుగారూ పాపం, మీరు ‘పైన’ అని రాసిన వైపే పైకి పెట్టుకున్నట్టున్నారండి.”