పరదా చాటు జవాబు

కూతురు ఎవరి దగ్గర ఉండాలన్న కేసులో కోర్టు తీర్పు విని, ఆమె, వెంట వచ్చిన వకీలుగారి గుమాస్తా తిరువూరులో బస్సు దిగారు. అది 1976 ఎండాకాలం.

“గుమాస్తాగారూ, జడ్జిగారు నా గురించి ‘స్పర్న్’ అన్నారే, అంటే ఏంటండీ?”

“మొగుణ్ణి కాదన్నావని, అమ్మా.”

“కాదనడానికి ‘రెఫ్యూజ్’ అంటారుగా. ఆ మాత్రం నాకూ తెలుసు.”

“ఇది అంతకంటే పెద్ద మాట. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఛీకొట్టి, కాలితో తన్నినట్టు పంపెయ్యడం.”

“అయ్యో! టీ కాచి పంపించానండీ. పరదా దాటి రాలేదు, అంతే. మూడుసార్లు తలాక్ చెప్పి పోయిన మనిషాయె. అప్పుడు నేను తలాక్ తర్వాత పరాయి మగాళ్ళకి కనబడకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువులో ఉన్నాను. పరాయివాడైపోయినాయన ముందుకి ఎలా వస్తాను?”

“తలాకే చెప్పలేదని ప్రమాణం చేశాడుగా. మనకేమో సాక్షి లేడు. కాపురానికి పిలిస్తే ఛీకొట్టావనే పిల్లని ఆయనకిచ్చారు.”

“పై కోర్టుకి పోతే?”

“పోదాం. కానీ రేపు పిల్లని అప్పగించాల్సిందే.”

“షాజాదీని ఇంగ్లీషు బళ్ళో వేస్తాడటండీ.”

“మంచిదేగా అమ్మా. చదువుకుంటుంది.”

“అదేనండీ నా భయం. పెద్దయ్యాక ఆ తీర్పు కూడా చదువుకుంటుంది.”