తుండుగుడ్డ కింద తీర్పు

ఎల్లాజీ మావ సంగతా? నీకెవులు సెప్పినారే పద్మా? చర్చిలో ఆడోళ్ళేనా? దేవుణ్ణి కాదన్నోడి ఇంటికి కోడలుగా వచ్చినావన్నారా? అనుంటారు. అలా కూకో. ఆ సిక్కుడుకాయలు ఇటియ్యి, పీచు తీస్తాను. నాకు మాటలు ఎక్కువ రావు, తెలుసు కదా. అడిగినావు కాబట్టి సెప్తాను. మావ దేవుణ్ణి కాదనలేదు. ఏసుబాబు ఎప్పట్నుంచి ఉన్నాడు అన్నకాడే పేచీ. మరియమ్మ కడుపున పడకముందు ఆయన ఎక్కడా లేడు అన్నాడు మావ. అంతే. అంతేనా అంటన్నావా? ఆ అంతేకి మన చర్చికి రెండు తాళాలు పడ్డాయి మరి.

మా మావంటే నీ మొగుడికి తాత. సన్నంగా, పొడుగ్గా ఉండేవోడు. కూలికెళ్ళొచ్చి, కాళ్ళు కడుక్కుని చర్చి గంట కొట్టేవోడు. వాక్యం సదివేది మాత్రం జోగయ్య మావ. ఆయన మా అత్త గున్నమ్మకి అన్న. మా మావకి బావ. ఇద్దరూ ఒకే రోజు ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నోళ్ళు, ఒకే సుట్ట సెరిసగం కాల్చుకునేవోళ్ళు. పాస్టరుగారు సాలూరు నుంచి లారీ పట్టుకుని నెలకోసారి వచ్చేవోరు. అరవై ఎనిమిదో, తొమ్మిదో, ఆ ఏడు కొండల వైపు గొడవలు కదా, దారులన్నీ పోలీసులే. పాస్టరుగారు రావడం మానీసినారు. తీర్చేవోడు లేక మాట పెరిగిపోనాది. ఓ ఆదివారం జోగయ్య మావ వాక్యం సెప్తన్నాడు, లోకం పుట్టకముందే తండ్రి పక్కన కొడుకున్నాడని. గంట తాడు కాడ్నుంచి మా మావ లేసినాడు. “లేడు బావా. పుట్టినరోజే పుట్టినాడు. అంతకుముందు ఎవులూ ఉండరు.” అందరం తలలు తిప్పి సూసినాము. ఎప్పుడూ నోరిప్పని మనిషి.

అక్కడ మొదలు. ఊరంతా అదే రగడ. “తండ్రీ కొడుకూ ఒకే ఈడైతే అన్నదమ్ములంటారు గానీ తండ్రీ కొడుకులంటారేటి?” అని మా మావ. “వరస వేరు, ఈడు వేరురా ఎల్లాజీ. మా సినమావ నాకంటే సిన్నోడు, అయినా ఆడొస్తే నాను మంచం దిగనేటి?” అని జోగయ్య మావ. “దిగుతావు. ఆడు పుట్టకముందు ఎవులికోసం దిగినావు?” దానికి జోగయ్య మావ రెండు రోజులు ఆలోచించినాడు. ఆడోళ్ళం ఊరుకున్నామా? లోకం కంటే పెద్దోడైతే మరియమ్మ ఆయన్ని ఏమని పిలిచినట్టు, బాబూ అనా, తాతా అనా? లాలి పాడాలా, దండం పెట్టాలా? రెండూ సేసుంటాది అన్నాను నాను. నా మాట ఎవులికి కావాలి? ఆఖరికి జోగయ్య మావ చర్చికి తాళం ఏసినాడు, తప్పు ఒప్పుకుంటే గానీ ఎల్లాజీ గడప తొక్కకూడదని. తెల్లారేసరికి దాని పక్కనే మా మావ తాళం. “ఆయనొక్కడే ఎందుకు తొక్కాలి?”

పోలీసు జీపు కూడా వచ్చినాది. రెండు పార్టీలున్నాయని ఎవులో సెప్పుంటారు. ఆ రోజుల్లో పార్టీ అంటే సాలు, దిగిపోయేవోళ్ళు. “ఏ పార్టీరా మీది?” అని అడిగినాడు జమేదారు. “ముందునుంచీ ఉన్నాడనే పార్టీ బాబూ” అన్నాడు జోగయ్య మావ. “నీది?” “తరవాత వచ్చినాడనే పార్టీ.” “ఎవుడాడు? ఎక్కడున్నాడు?” ఇద్దరూ ఒక్కసారే పైకి సూపించినారు. కానిస్టేబుళ్ళు మా పాక మీదకెక్కి వెతికినారు. నవ్వకు. తాటాకులన్నీ జారిపోనాయి, వానాకాలం.

వాళ్ళకి నవ్వులాటే. నాకు కాదు. నా ఒళ్ళో ఇరవై రోజుల గుంటడున్నాడు. ఆడే నీ మొగుడు. ఆడికి ముందు ఇద్దరు పోనారు నాకు. తెలుసు కదా, ఎప్పుడూ సెప్పలేదు గానీ. మొదటోడు పాకుతుండగా, రెండోవోడు పళ్ళు రాకుండానే. అలా వరసగా పోతే మనకాడ ఏటంటారు? ఆడే మళ్ళీ మళ్ళీ వస్తన్నాడు, తల్లిని ఏడిపించి పోతన్నాడు అంటారు. ఈసారొచ్చినోడికి మంగలి కత్తితో సెవి కోసి గుర్తు పెట్టీసేవోళ్ళు. సెవి తెగినోణ్ణి మరి అక్కడ రానివ్వరని, ఇక్కడే ఉండిపోతాడని. మా అత్త బాప్తిస్మం తీసుకుంది గానీ అది మాత్రం వదల్లేదు. స్నానం పోస్తా నెత్తి సూసినాది. “ముందోడికీ రెండు సుళ్ళే, ఈడికీ రెండు సుళ్ళే. ఆడే వచ్చినాడే.” కత్తి నూరించి తెచ్చి దూలంలో దోపింది. నానొక్కటే అడిగినాను, ముందు చర్చిలో పేరు పెట్టి ప్రార్థన సేయించనీ అత్తా, అని. దేవుడి పేరు పడ్డాక కొయ్యదేమోనని నా ఆశ. ఆలోగా పేచీ ముదిరి చర్చికి రెండు తాళాలు పడ్డాయి.

అందుకని నానే ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాను, ఎవులిసేతైనా తీర్పు సెప్పించుకోండని. ఎవులు సెప్తారు? మనోళ్ళు ఎవులు సెప్పినా ఏదో పక్షమే. అయితే వయసు సంగతి కాబట్టి రాజాం సంతలో పశువుల బేరగాడు అప్పలనరసింహాన్ని పిలిసినారు. వయసు సెప్పడంలో ఆయన మాటకి తిరుగులేదు ఆ సుట్టుపక్కల. ఆయన రామతీర్థం రాముడికి మొక్కే మనిషి, ఏ పక్షమూ కాదు. వచ్చినాడు, మంచం మీద కూకున్నాడు, మజ్జిగ తాగినాడు. ఇద్దరూ సెప్పింది పొద్దెక్కేదాకా విన్నాడు. “పళ్ళు సూడకుండా ఎలాగ సెప్పను?” అన్నాడు. ఆయన పైకెళ్ళిపోయినారు బాబూ అన్నారు. “పోనీ తల్లి?” ఆవిడా లేదు. “మరి నన్నెందుకు పిలిసినారు?” కోపం వచ్చినాది మనిషికి. మళ్ళీ ఇంకో లోటా మజ్జిగ ఇస్తే తగ్గినాడు. “సూడండి. నాను పైకి సెప్తే ఓడినోడు రేపు నా కాడ ఎడ్లు కొనడు. సంతలో ఎలాగో ఇక్కడా అలాగే.” తుండుగుడ్డ తీసి సెయ్యి మీద కప్పుకున్నాడు. సంతలో సూసినావు కదా, గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర సెప్పుకుంటారు, పక్కోడికి తెలీదు. ఒక వేలు పడితే జోగయ్యది నిజం, రెండు పడితే ఎల్లాజీది. ఆయన ఊరి పొలిమేర దాటేదాకా ఎవులూ బయటపెట్టకూడదు. అదీ రివాజు. జోగయ్య మావ సెయ్యి పెట్టినాడు. మొహం వెలిగిపోనాది. తరవాత మా మావ పెట్టినాడు. ఆయన మొహమూ వెలిగినాది! బేరగాడి పనే అది కదా, అమ్మినోడూ కొన్నోడూ ఇద్దరూ నానే గెలిసినానని ఇంటికెళ్ళాలి. ఇద్దరూ బుద్ధిమంతుల్లాగ తాళం సెవులు తీసుకుని చర్చికి బయల్దేరినారు. ఒకడిమీద ఒకడు జాలిపడతా.

నాను గుంటణ్ణెత్తుకుని గుమ్మం కాడికెళ్ళినాను. వెనకాలే మా అత్త. సేతిలో కత్తి, పసుపు ముద్ద. అన్న ఆవిడ సెవిలో ఊదీసినాడు, పొలిమేర దాటేదాకా ఆగలేక. “మా అన్న గెలిసినాడు. పుట్టకముందూ ఉంటారంట. ఈడూ ఉన్నాడు. తే ఇటు.” జోగయ్య మావ నల్లబడిపోనాడు. “ఒసే, అది ఆయనొక్కడికేనే!” “ఆయనకైతే ఈడికెందుకు కాదు?” “ఆయన దేవుడే!” “అయితే ఈ బిడ్డ దేవుడిచ్చినోడు కాడా?” వాక్యమంతా సదివిన మనిషి. కత్తి సూసినాడు, బిడ్డని సూసినాడు. ఇంకేటి, గొంతెత్తి అరిసినాడు. “నాను ఓడిపోనాను! ఎల్లాజీదే నిజం! ఏసు ప్రభువు కూడా ముందు లేడు! ఎవులూ లేరు!” ఊరంతా విన్నాది. అప్పుడు మా మావ ఆయన దగ్గరికి జరిగి, గుసగుసగా అన్నాడు. మధ్యలో నానున్నాను, నాకు ఇనబడ్డాది. “నువ్వు ఆ మాట అనకు బావా, పాపం. ఆయన మొదట్నుంచీ ఉన్నాడని నాకు తెలీదేటి? మీ సెల్లెలు దూలంలో కత్తి దోపిన నాడే నాను అబద్ధం మొదలెట్టినాను. ఒక్కడు ముందున్నాడని ఒప్పుకుంటే ఈ గుంటణ్ణీ అందులో కలిపీస్తాది. నరకానికైతే నానొక్కణ్ణే పోతాను. నువ్వు రాకు.” ఇద్దరూ ఏడుస్తన్నారు. ఒకడు నానోడినానంటాడు, ఒకడు కాదు నానంటాడు. సూసినోళ్ళకి ఏటి తెలుస్తాది? మా మావ సచ్చేదాకా ఆ మాట మార్చలేదు. తరవాత నీ ఆడబిడ్డ పుట్టినాది, సిన్నోడు పుట్టినాడు. కత్తి ఇంట్లోనే ఉన్నాది కదా.

అత్త వింటాదా? “మగోళ్ళు మీలో మీరు తేల్చుకోండి. కన్నదాన్నడుగుతాను. ఒసే దేముడమ్మా, దేవుడి గుమ్మంలో ఉన్నావు. ఈడు ముందోడేనా, కొత్తోడా?” అందరూ నా వైపే సూస్తన్నారు. ఆ రెండు సుళ్ళూ అత్త కంటే ముందు నానే సూసినానే పద్మా. పుట్టిన రోజునే సూసినాను. ఎవులూ లేనప్పుడు పాలిస్తా, పెద్దబాబూ అని మొదటోడి పేరుతోనే పిలుసుకునేదాన్ని. వచ్చీసినావా నాయనా, అని. ఈడు పలికినట్టే ఉండేది.

కొత్తోడే అత్తా, అన్నాను. ఈడిని నానెప్పుడూ సూడలేదు, అన్నాను.

అత్త కత్తి మడిసీసినాది. తాళాలు తీసినారు, అందరూ లోపలికెళ్ళి పాట అందుకున్నారు. నాను మాత్రం ఎళ్ళలేదు. గుమ్మంలోనే కూకుండిపోనాను. ఆ ఒక్క మాటతో, పోయిన నా గుంటలిద్దర్నీ నానే మళ్ళీ...

వానొచ్చేలాగున్నాది. ఎల్లు, పెరట్లో బట్టలు తీసీ.