మీ తాత కొట్టిన డబ్బా

కూర్చోమ్మా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీద కూర్చో. ఏంటీ? మీ తాతని నిజంగానే డబ్బా అని పిలిచేవాళ్ళా అనా? ఎవరు చెప్పారు, మీ అమ్మా? పిలవడమేంటి తల్లీ, ఆ పేరు పెట్టిందే నేను. మొహం మీదే పిలిచేవాణ్ణి, వాడూ పలికేవాడు. ఒకసారి దుకాణానికి ఉత్తరమొస్తే కవరు మీద 'డబ్బా గారికి' అని ఉంది, ఒట్టు. పోస్టుమాను తడుముకోకుండా తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. అదీ వాడి పరపతి. గొప్పలు చెప్పుకునేవాడు అంటే అందరూ అనుకుంటారే, తన గురించి చెప్పుకునేవాడని. అబ్బే, తన గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. వాడు కొట్టిన డబ్బా అంతా మీ అమ్మ గురించే.

మాది కళ్ళజోళ్ళ దుకాణం కదా. మాది అంటే ఓనరుది, మేమిద్దరం పనివాళ్ళం. ముందు గదిలో ఫ్రేముల బీరువా, ఎదురుగోడకి అక్షరాల బోర్డు, పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. వెనక గదిలో మేం. మధ్యలో గోడ లేదు, నడుమెత్తు చెక్క అడ్డం, దాని పక్కనే బెంచీ. మీ తాత అద్దాలు అరగదీసేవాడు, సానరాయి మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే గుండ్రంగా తిప్పుతూ. నేనేమో వేడి ఇసుకలో ఫ్రేము పెట్టి, మెత్తబడ్డాక అద్దం ఎక్కించేవాణ్ణి. బాగు చేయించుకోడానికి వచ్చినవాళ్ళు కళ్ళజోడు మాకిచ్చేసి ఆ బెంచీ మీద కూర్చోవాలి. ఇంకెక్కడికి పోతారు చెప్పు? కళ్ళు మా చేతుల్లో ఉన్నాయి, గుమ్మమెక్కడుందో కూడా కనపడదు. మీ తాతకి అదే కావాలి. 'సార్, మా పాప నిన్న ఏం చేసిందో తెలుసా?' అని మొదలెట్టేవాడు.

మీ అమ్మ పుట్టిన రోజు నాకింకా గుర్తే. పొద్దున పదింటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఒక కాలికే చెప్పుంది. 'ఏరా, ఎవరు పుట్టార్రా?' అంటే అది చెప్పడే! 'ఆవులించిందిరా!' అంటాడు. 'పుట్టిన గంటకే, పెద్దవాళ్ళలాగా, ఇంత నోరు తెరిచి!' అని తను తెరిచి చూపిస్తే ఓనరుకీ ఆవులింత వచ్చింది, నాకూ వచ్చింది, బెంచీ మీదాయనకీ వచ్చింది. ఆడపిల్ల అని సాయంత్రానికి గానీ తెలియలేదు మాకు. తర్వాత పన్ను వచ్చింది. పన్ను వస్తే ఏముంది, అందరికీ వస్తుంది. వీడి వేలు కొరికిందట. ఆ వేలు పట్టుకుని రెండు రోజులు తిరిగాడు. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన జోడు ఇచ్చి కూర్చుంటే ఆయన ముక్కు కింద వేలు పెట్టాడు. 'నాకేం కనపడుతుందయ్యా, జోడు నీ దగ్గరుంటే' అన్నాడాయన. 'తడిమి చూడండి సార్, గుంట తెలుస్తుంది' అన్నాడు! పాపం ఆయన తడిమాడు కూడా. 'ఆ, తెలుస్తోంది, తెలుస్తోంది, గట్టి పన్నే' అన్నాడు. ఏం చేస్తాడు మరి, జోడు కావాలిగా.

నడక వచ్చినప్పుడు ఐదు అడుగులు వేసిందని వాడన్నాడు. మీ అమ్మమ్మ నన్ను పక్కకి పిలిచి, 'నాలుగే అన్నయ్యా, ఐదోది అడుగు కాదు, పడిపోవడం' అంది. మీ అమ్మమ్మ మాటలు అంతే, సన్నగా, సూదిలాగా. ఆవిడ చేత్తో ఒకసారి కుట్టించుకున్న చొక్కా నా దగ్గర పదేళ్ళుంది, బొత్తాం ఒక్కటి ఊడలేదు. సరే, అది వేరే సంగతి. ఎక్కడున్నాం? ఆ, బోర్డు.

నాలుగేళ్ళకి మీ అమ్మ ఆ బోర్డు చదివేసింది. వాడు మధ్యాహ్నం పూట ఎత్తుకొచ్చి స్టూలు మీద నిలబెట్టేవాడు, గుమ్మం పక్కన. అక్కణ్ణుంచి ఆఖరి వరస, చీమ తలకాయంత అక్షరాలు, గడగడా చెప్పేసేది. అందరూ చప్పట్లు. 'డేగ కళ్ళు సార్, డేగ కళ్ళు! ఊరంతటికీ నేను అద్దాలు చేస్తాను గానీ నా కూతురికి జన్మలో అవసరం రాదు' అనేవాడు. ఎవరొచ్చినా స్టూలెక్కించడమే. అలా ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. పిల్ల పెరిగి స్కూలుకి పోయింది, బారుగా సాగింది, స్టూలు అవసరం లేకుండా పోయింది, అయినా ఆ ఆట మానలేదు. తండ్రి పిలిస్తే వచ్చి నిలబడి చెప్పేసి వెళ్ళేది.

తొమ్మిదో ఏట అనుకుంటా, స్కూలు నుంచి చీటీ వచ్చింది. నల్లబల్ల మీదవి తప్పులుతప్పులుగా ఎక్కించుకుంటోంది, పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తోంది, కళ్ళు చూపించండి అని టీచరమ్మ రాసింది. మీ తాతకి ఎక్కడలేని కోపమొచ్చింది. 'ఎవరి కళ్ళు? నా కూతురి కళ్ళా? పొడుగు పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టి, పైగా చీటీలొకటి! ఆవిడనే రమ్మను, ఆవిడకే చేసిపెడతా ఒక జోడు!' అని సానరాయి మీద చూపించాడు కోపమంతా, రెండు అద్దాలు పగిలాయి. మీ అమ్మమ్మ కూడా అందట, ఒకసారి డాక్టరు గారికి చూపిద్దాం అని. డాక్టరు వారానికి రెండు రోజులు మా దుకాణానికే వచ్చి కూర్చునేవాడు, చూపించడం ఎంతసేపు? వీడు వింటేగా.

ఇప్పుడు నీకో మాట చెప్తాను. మీ తాతకి చెప్పలేదిది, మీ అమ్మకీ తెలియదు. నాకు అనుమానం ముందే వచ్చింది. ఒకరోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి, స్క్రూల డబ్బా మూత మీద అంటించిన చీటీ చదవడానికి మొహం దాదాపు డబ్బాలో పెట్టేసింది. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. వాడితో అంటే కొడతాడేమో అని కాదు. వాడు ఏడుస్తాడేమో అని. అలా ఉండగా ఒక శనివారం ఓనరు కొత్త బోర్డు తెచ్చాడు. పాతది పసుపెక్కిపోయింది, తీసేసి ఇది తగిలించమన్నాడు. అదే కొలత, అవే వరసలు, అక్షరాలు మాత్రం వేరు. మీ తాత లోపల అద్దం తిప్పుతున్నాడు, చూడలేదు. తగిలించింది నేనే. చెప్పొచ్చు కదా, ఒరేయ్, బోర్డు మారింది అని? చెప్పలేదు. కావాలనే చెప్పలేదమ్మా. స్కూలు అయ్యాక పిల్ల వస్తుందని నాకు తెలుసు.

వచ్చింది. బెంచీ నిండా జనం. వీడు హుషారుగా లేచి, 'రా తల్లీ, ఈ అంకుల్ నమ్మట్లేదు, ఆఖరి వరస చెప్పు' అన్నాడు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పట్లాగే 'ప, న, గ, ద, ళ' అంది. అక్కడ 'ర, చ, మ, య, బ' ఉంది. వీడు చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తాడు, ఎత్తి బోర్డు వంక చూశాడు. ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లకి అర్థం కాలేదు, తప్పు చెప్పానేమో అనుకుని మళ్ళీ చెప్పింది, ఇంకా గట్టిగా, 'ప, న, గ, ద, ళ!' నాకైతే తల కొట్టేసినట్టయింది. వాడు అడ్డం దాటి వచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తెచ్చి, నా బల్ల పక్కనే గొంతుక్కూర్చున్నాడు. 'ఎప్పట్నుంచి నాన్నా?' అన్నాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, 'రెండో క్లాసు నుంచి' అంది. 'మరి చెప్పలేదేం తల్లీ?' 'నువ్వు అందరికీ చెప్పేశావుగా నాన్నా, డేగ కళ్ళని.' అంతే అంది.

డాక్టరు చూశాడు, మైనస్ మూడున్నర, రెండు కళ్ళకీ. అద్దాలు మీ తాతే చేశాడు. మామూలుగా పూటకి మూడు జతలు తీసేవాడు, ఆ ఒక్క జతకి రెండు రోజులు పట్టింది. చేయడం, వెలుతురుకి ఎత్తి చూడటం, బాగాలేదని పక్కన పెట్టడం. నాకేం లోపం కనపడలేదు. ఓనరు గొణిగాడు గానీ వాడి మొహం చూసి వెళ్ళిపోయాడు. ఫ్రేము నేనే ఎక్కించాను, చిన్నది, గోధుమరంగుది. పెట్టుకుని ఆ పిల్ల ముందు ఎటూ చూడలేదు, వాళ్ళ నాన్న మొహమే చూసింది. చిన్నప్పుడు మశూచి వచ్చి వాడి మొహమంతా మచ్చలు, నీకు ఫోటోలో తెలియదులే. వేలు పెట్టి బుగ్గ మీద తడిమి, 'నాన్నా, నీకిక్కడ గుంటలున్నాయే!' అంది. వాడు నవ్వబోయాడు, రాలేదు. 'ఉన్నాయి తల్లీ, ఎప్పట్నుంచో ఉన్నాయి' అన్నాడు.

ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాడు. నెల్లాళ్ళు. సానరాయి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. బెంచీ మీదవాళ్ళే అడిగేవాళ్ళు, 'ఏమయ్యా, పాప ఏం చేసిందీ మధ్య?' అని. 'బాగానే ఉంది సార్' అనేవాడు. నాకు పిచ్చెక్కిపోయింది. పదేళ్ళు వాడి డబ్బాకి చెవులు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడేదో ఒకటి వాగరా నాయనా అని బతిమాలుకున్నా. 'నా గొప్పల కోసం పిల్లకి కళ్ళు పోగొట్టానురా' అన్నాడు. 'కళ్ళు పోలేదురా, జోడొచ్చిందంతే' అన్నాను. వినలేదు.

మళ్ళీ మీ అమ్మే వచ్చింది. స్కూలు బ్యాగు భుజాన ఉంది, జోడు ముక్కు మీదికి జారుతోంది. అందరి ముందూ అడిగింది. 'నాన్నా, ఇప్పుడు నా గురించి ఎవరికీ చెప్పవేం? జోడు పెట్టుకున్నానని సిగ్గా నీకు?' అని. తొమ్మిదేళ్ళ పిల్లమ్మా! సానరాయి ఆగిపోయింది. వాడు చేతులు తుడుచుకుని, తుడుచుకుని, ఆ గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. 'బ్యాగులో ఏముంది తల్లీ?' అన్నాడు చివరికి. మార్కుల కాగితం ఉంది. తీసి చూశాడు. బెంచీ మీద ఆ రోజు ఓ లావుపాటి ఆయన, బట్టల కొట్టు ఆయన. ఆయన వైపు తిరిగి గొంతు సవరించుకుని, 'సార్, మా పాపకి లెక్కల్లో ముప్ఫై ఎనిమిది!' అన్నాడు. ఆయన 'నూటికా?' అన్నాడు. 'నూటికే సార్! నల్లబల్ల మీదవి సొంతంగా చూసి రాసి తెచ్చుకున్న ముప్ఫై ఎనిమిది!' అన్నాడు. అప్పుడు చప్పట్లు కొట్టింది ముందు నేనే. ఆ తర్వాత ఇక ఆగలేదనుకో. తప్పినవీ చెప్పేవాడు, నెగ్గినవీ చెప్పేవాడు. సైకిలు మీంచి పడిందా, 'అబ్బ, ఎలా పడిందనుకున్నారు!' ఆటల పోటీల్లో ఆఖరున వచ్చిందా, 'ఆగకుండా పరిగెత్తింది సార్, గీత దాటేదాకా!'

మీ అమ్మకి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చినప్పుడు సంగతి తనే చెప్పే ఉంటుంది. చెప్పలేదా? సిగ్గేమో. మీ తాత సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ బస్సెక్కేవాడు, టికెట్టు కొని, ఈ చివర్నుంచి ఆ చివరికి. పక్కన కూర్చున్నవాడి పని అయిపోయినట్టే. 'ఆ కండక్టరమ్మ ఎవరో తెలుసా?' అని. మీ అమ్మ అటు రాగానే, 'పెద్దాయనా, మాటలు తర్వాత, కాస్త లోపలికి జరగండి' అనేది, అందరితో అన్నట్టే. వాడు జరిగేవాడు. జరిగి, 'చూశారా, ఎంత నిక్కచ్చో!' అనేవాడు. ఇక పెళ్ళిలో ఏం జరిగిందో మీ నాన్ననే అడుగు. మామగారి పక్కన కూర్చుని మూడు గంటలు విన్నాడు పాపం, ఒక్క ఆవులింత లేదు. అక్కడే మీ నాన్నని మెచ్చుకున్నాను నేను.

నువ్వు పుట్టినప్పుడా? అప్పటికే వాడికి ఊపిరితిత్తులు బాగాలేవు. ఏళ్ళ తరబడి ఆ అద్దాల పొడి మధ్య కూర్చున్నవాడు కదా. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను అప్పుడు మూడో అంతస్తులో ఉండేవాణ్ణి. పొద్దున్నే కిందెవరో దగ్గుతున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ దగ్గుతున్నారు. తలుపు తీసి చూస్తే వాడు, రెండో అంతస్తు మెట్టు మీద కూలబడి. పరిగెత్తుకుంటూ దిగాను. 'ఏరా, ఫోను చేయొచ్చుగా, ఎవరో ఒకరిని పంపొచ్చుగా!' చెయ్యి ఊపాడు, ఆగు అన్నట్టు. నోరు తెరుస్తాడు, మాట రాదు, గాలి రాదు. జీవితమంతా వాగినవాడు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి నేనే అడిగాను, 'ఆడపిల్లా?' తలూపాడు. 'మనమ్మాయి బాగుందా?' ఊపాడు. 'ఎవరి పోలిక?' నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా, అంత నీరసంలోనూ ఎంత గట్టిగానో, పట్టుకుని మళ్ళీ తలూపాడు. ఎవరి పోలికో చెప్పనే లేదు. అలాగే కూర్చున్నాం ఇద్దరం, మెట్ల మీద, పైకీ కిందికీ పోయేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. ఒకావిడ అడిగింది, 'ఏమైంది, బాగానే ఉన్నారా?' అని. నేను చెప్పాను, 'మా వాడికి మనవరాలు పుట్టిందమ్మా, నిన్న రాత్రి, పుట్టీ పుట్టగానే...' అని మొదలెట్టాను. ఏం చేశావో నాకేం తెలుసు? వాడు చెప్పలేడు కదా, అందుకని నేనే ఏవేవో కల్పించి చెప్పాను. వాడు వింటూ కూర్చున్నాడు, ప్రతిదానికీ తలూపుతూ.

మూడు వారాలకి...

అదిగో, కింద పంపులో నీళ్ళొచ్చినట్టున్నాయి. చప్పుడు వినపడట్లేదూ? లే తల్లీ, ఆ బకెట్టు అందుకో, మళ్ళీ ఆగిపోతాయి.